పూత రానివ్వని మరువం

మిర్యాలగూడలో మేం కిరాయికి దిగిన ఇంటి వెనక ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. నానబెట్టి ఉడికించిన వడ్ల వాసనకు మొదటి వారం కిటికీలు మూసుకుని కూర్చునేవాళ్లం. రెండో వారానికి అలవాటైంది. మూడో వారానికి మా బట్టలకూ అదే వాసన పట్టిందని బడిలో తోటి టీచరు చెబితే గానీ నాకు తెలియలేదు. ఎనభైల మధ్య మాట ఇది. మా ఆయన బస్సు డ్రైవరు. ఆయన డిపో మారినప్పుడల్లా ఇల్లు మారేది. ఇల్లు మారినప్పుడల్లా నేను బదిలీ కోసం అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేదాన్ని. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఎప్పుడు చూసినా నిద్ర చాలనట్టే ఉండేది.

ఆ ఇంటి యజమానురాలికి యాభై దాటాయి. భర్త మిల్లులో మేస్త్రీగా పనిచేసి చనిపోయాడు. ఆమె కూడా చాలా ఏళ్లు ఆ మిల్లు కల్లంలోనే ఎండలో వడ్లు ఆరబోసి, కాళ్లతో తిరగేసే పని చేసింది. మోకాళ్లు పట్టేశాక మానేసింది. కొడుకు, కోడలు, ఆమె ముందు గదుల్లో ఉండేవాళ్లు. వెనక గది, వంటిల్లు మాకిచ్చారు. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను బిడ్డా అనేది. కోపం వస్తే మాత్రం టీచరమ్మా అనేది.

ఇంటి తూర్పు గోడ వెంబడి రెండు బారల పొడవున ఒక మడి ఉండేది. అందులో మరువం తప్ప ఇంకేదీ లేదు. మాకు తెలిసిన మరువం వేరు. వానాకాలంలో తెచ్చి నాటుకుంటే చలికాలమంతా మాలల్లోకి నాలుగు రెమ్మలు ఇచ్చి, ఉగాది నాటికి కట్టెలా ఎండిపోయేది. మళ్లీ ఏడు మళ్లీ కొనుక్కోవలసిందే. పెద్దమ్మ మడిలోది తొమ్మిదేళ్లుగా అదే మొక్క అని తెలిసినప్పుడు నేను నమ్మలేదు.

"తొమ్మిదేళ్లు ఎట్లుంటది పెద్దమ్మా?" అన్నాను.

"ఉంచితే ఉంటది. పూత రానియ్యొద్దు. పూసిందంటే ఇగ నా పని ఖతం అనుకుంటది అది. కొసకు గుండీ లెక్క మొగ్గ కనవడంగనే గిల్లెయ్యాలె. వానలు పడంగనే ఒక్కసారి, సలి రాకముందు ఒక్కసారి జానెడు ఉంచి కత్తిరియ్యాలె. మూడేండ్లకోసారి తవ్వి పాయలు జెయ్యాలె. లేకుంటే నడుమ కట్టెవడ్తది."

పొద్దున స్నానం చేసి వచ్చి ఆమె రెండు రెమ్మలు తుంచి కొంగు చివర ముడి వేసుకునేది. పని చేస్తూ చేస్తూ ఆ ముడిని ముక్కు దగ్గర పెట్టుకునేది. కల్లంలో పనిచేసిన రోజుల్లోనూ అలాగే చేసేదట. భర్త పోయిన తర్వాత పక్కింటామె ఒకసారి చూసి, నీకెందుకు ఇవన్నీ అని అడిగిందట.

"ఏమన్నవ్ మరి?" అన్నాను.

"ఇది పువ్వు గాదు గద అన్న. ఆకు. ఆకుకు గుడ అడ్డం జెప్తరా అన్న. మల్ల మాట్లాడలే."

ఆ ఇంట్లో రెండేళ్లున్నాం. మా పాప అక్కడే పుట్టింది. పసిపిల్లతో బడికి పోయి వచ్చే రోజుల్లో సాయంత్రం ఆ మడి పక్కన గట్టు మీద కూర్చుని మొగ్గలు గిల్లడమే నాకు విశ్రాంతి. ఆమె ఒక కొస నుంచి, నేను ఒక కొస నుంచి గిల్లుకుంటూ వచ్చేవాళ్లం. పెద్దగా మాట్లాడుకునేది కూడా లేదు. కోడలు గడప మీద నిలబడి, "గడ్డి పీకుడుకు ఇద్దరెందుకు" అని నవ్వేది.

తర్వాత మా ఆయనకు కోదాడ డిపోకు మార్పు వచ్చింది. నాకు కొన్నాళ్లకు కోదాడ దగ్గరి అనంతగిరి బడికి బదిలీ దొరికింది. ఇల్లు ఖాళీ చేసే రోజున పెద్దమ్మ ఒక మూల తవ్వి, వేళ్లతో సహా ఒక పాయ విడదీసి, తడి గోనెగుడ్డలో చుట్టి ఇచ్చింది. సామానుతో వెళ్లిన లారీలో కాకుండా నా ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకుపోయాను.

నెలలోపే చచ్చిపోయింది. కోదాడలో మా కిరాయి ఇంటి పెరట్లో నల్లమట్టి. చచ్చిపోతుందేమోనని భయపడి రోజూ రెండు పూటలా నీళ్లు పోశాను. ఆకులు పసుపు పచ్చగా మారుతుంటే ఇంకో చెంబు పోశాను. పీకి చూస్తే వేళ్లు నల్లగా, మెత్తగా ఉన్నాయి.

ఒక ఆదివారం మిర్యాలగూడ పోయి రెండో పాయ తెచ్చుకున్నాను. ఈసారి నీళ్లు తగ్గించాను గానీ ఇంటి పడమటి గోడకు నాటాను. చైత్రం ఎండకు ఆ గోడ మధ్యాహ్నం నుంచి పెనంలా కాలేది. వారం రోజుల్లో మాడిపోయింది. పక్కింటావిడ గుంటూరు వైపు మనిషి, మర్యాదగా మాట్లాడేది. గోడ మీదుగా చూసి జాలిపడింది.

"మరువం ఏడాది మొక్కండీ టీచరుగారూ. ఎండాకాలం ఉండదు. మీరెందుకండీ అంత అవస్థ పడతారు?"

మూడోసారి వెళ్లినప్పుడు పెద్దమ్మ టీచరమ్మా అని పిలిచింది.

"టీచరమ్మా, పిల్లలకు గిట్లనే జెప్తవా పాఠం? మొదటిది నీళ్లతోటి సంపినవ్, రెండోది ఎండతోటి సంపినవ్. మట్టిల ఏలు పెట్టి సూడు. ఏలుకు తడి తగలకుంటెనే నీళ్లు పొయ్యి. పొద్దటి ఎండ తగలాలె, పగటీలి నీడ ఉండాలె. మీ నల్లమట్టి పనికిరాదు. అడుగుకు పెంకులు పరిసి, ఎర్రమట్టి, ఊక బూడిద, ఇంత మేక పెంట కలుపు."

చెప్పినట్టే చేశాను. బతికింది. మొదటి ఎండాకాలం దాటింది, రెండోది కూడా దాటింది. రెండో ఎండాకాలం దాటిన రోజున గోడవతలి ఆవిడను పిలిచి మరీ చూపించాను. ఆవిడ ఒక రెమ్మ వాసన చూసి, "అయితే ఉంటుందన్నమాట," అంది. అంత చిన్న మాటకు నేను రెండు రోజులు సంతోషంగా ఉన్నాను.

మూడో ఏడు మా పాపకు టైఫాయిడ్ వచ్చింది. ఒకసారి తగ్గి, పదిహేను రోజులకు తిరగబెట్టింది. దాని కాళ్లూ చేతులూ పుల్లల్లా అయ్యాయి. మా ఆయనకు సెలవు దొరకలేదు. నాకున్న సెలవులు అయిపోయాయి. పొద్దున పాపకు జావ కాచి, గోడవతలి ఆవిడకు అప్పజెప్పి, బస్సెక్కి అనంతగిరి పోయి, నాలుగు తరగతులు ఒకే గదిలో కూర్చోబెట్టి పాఠం చెప్పి, తిరిగొచ్చి దవాఖానకు ఎత్తుకుపోయేదాన్ని. ఆ రోజుల్లో ఏ పూట ఏం తిన్నానో గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఒకటే. ఒక సాయంత్రం పెరట్లో పాప పక్కబట్టలు ఉతుకుతున్నాను. మరువం పూసి ఉంది. కొస కొసనా చిన్న తెల్ల పూలు, వాటి మీద తేనెటీగలు. వంగి గిల్లితే అయిదు నిమిషాల పని. రాయి మీద బట్ట అలాగే వదిలి వాటివైపు చూస్తూ కూర్చున్నాను. వంగలేదు. లోపలికి పోయి పాప పక్కన పడుకున్నాను.

పాప కోలుకునే సరికి మొక్క గోధుమరంగు పుల్లల కట్టగా మిగిలింది. పీకి పారేసే ఓపిక కూడా లేక అలాగే వదిలేశాను.

అలాంటి సమయంలో ఒక ఆదివారం పెద్దమ్మ వచ్చింది. చేతిలో చిన్న బట్టల సంచి. బస్టాండు నుంచి మోకాళ్లు పట్టుకుంటూ నడిచి వచ్చినట్టుంది, గడప దగ్గరే కూలబడింది. నీళ్లిచ్చాను. సగం తాగి, చెంబు కింద పెట్టకుండానే అడిగింది.

"మరువం ఏది బిడ్డా?"

 పాప జబ్బు సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె పాపను దగ్గరికి తీసుకుని, మోచేతులు తడిమి చూసి, "అయ్యో, ఎంత గుంజుకపోయింది తల్లి," అంది. మళ్లీ నావైపు చూసింది. తప్పక పెరట్లోకి తీసుకుపోయాను. ఆ పుల్లలను చూసి తిడుతుందనుకున్నాను. మట్టిలోనే కూర్చుంది.

"మాతాన గుడ లేదు బిడ్డా. పోయిన మంగళారం నా కొడుకు మడి మీద సిమెంటు బోసిండు. పిండి గిర్ని పెడ్తడట, దానికి జాగ గావాలె. నేను సుట్టాలింటికి పొయ్యొచ్చేవరకు అంత అయిపోయింది. నీ తాన ఉన్నదిలే అనుకుంట వచ్చిన."

నేను ఏడ్చాను. అన్ని రోజులు పాప మంచం పక్కన రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆమె నన్ను ఊరడించలేదు. మొక్క మొదట్లో గోటితో ఒక పుల్ల గీరింది. పచ్చగా ఏమీ లేదు. ఇంకొకటి గీరింది. అయిదో ఆరో పుల్ల దగ్గర ఆగి, కళ్లకు దగ్గరగా వంగి, నన్ను పిలిచింది.

"సూడు. నీ కండ్లు మంచిగున్నయి గద. పచ్చగుందా?"

వెంట్రుకవాసి సన్నగా పచ్చగీత ఉంది.

"ఉంది," అన్నాను.

"ఇగ సావలే. కత్తెర తే."

చచ్చిన పుల్లలన్నీ తీసేసింది. బతికున్న రెండింటిని నాలుగు వేళ్ల ఎత్తుకు కత్తిరించింది. పక్కకు నేల మీదికి వాలిన సన్నని కొమ్మ ఒకటి మిగిలింది. దాన్ని కత్తిరించకుండా వంచి, నడుమ భాగం మీద మట్టి కప్పి, కదలకుండా పైన పెంకు ముక్క పెట్టింది. అక్కడ వేరు పుడితే కోసి వేరే మొక్క చేసుకోవచ్చంది. ఎన్ని రోజులు పడుతుందని అడిగాను. "దానిష్టం," అంది.

ఆ రోజు ఆమె వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు. మూడో రోజు మా ఆయన వంటింట్లోకి వచ్చి, "పెద్దమ్మ ఎన్ని దినాలుంటది?" అని మెల్లగా అడిగాడు. నాకు తెలియదన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఆ వారం మిర్యాలగూడ బస్టాండులో ఆమె కొడుకు కనిపిస్తే, మా ఇంట్లోనే ఉందని చెప్పి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక సంచెడు ఊక బూడిద తెచ్చి పెరట్లో పెట్టాడు. బస్సంతా బూడిదయిందని కండక్టరు తిట్టాడట.

ఆమె ఉన్న రోజుల్లో నేను బడి నుంచి వచ్చేసరికి పాప తలకు నూనె పెట్టి, జడ వేసి ఉండేది. అన్నం వండి ఉండేది. ఒక శనివారం మధ్యాహ్నం నేను కూర్చున్నచోటే నిద్రపోయి, లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఉలిక్కిపడి లేస్తుంటే, "పండుకో, పండుకో. నీతోని గాని పనేం లేదీడ," అంది. ఆ మాట ఎవరైనా అనగా వినాలని నేను ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నానో అప్పుడే తెలిసింది.

రెండో వారం దాటాక ఒక పొద్దున పాప పరుగెత్తుకొచ్చి, "అమ్మా, ఏడు ఉన్నయ్!" అంది. కత్తిరించిన పుల్లల మీద చిగుళ్లు. ఆవగింజంత ఉన్నాయి. వాటిని లెక్కబెట్టమని పెద్దమ్మ దాన్ని కూర్చోబెట్టిందట. నన్ను మాత్రం లేపనీయలేదట.

మూడో వారంలో కొడుకు వచ్చాడు. ముప్ఫై ఏళ్లవాడు, మిల్లులో హమాలీగా బస్తాలు మోసేవాడు. అప్పటికే నడుము నొప్పితో వంగి నడుస్తున్నాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"చెప్పకుండ వచ్చింది అక్కా. ఊరంత దేవులాడినం. సారు గనక చెప్పకుంటే పరేషాన్ అయిపోతుంటిమి," అన్నాడు నాతో. తర్వాత తల్లివైపు తిరిగి, "పా, పోదాం," అన్నాడు.

ఆమె బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"బస్తాలు మొయ్య శాతనైత లేదమ్మా నాతోని. గిర్ని పెట్టుకుంటె కూసోని బతుకుత అనుకున్న. ఇంకో జాగ ఏడున్నది? నువ్వే సెప్పు."

"జాగ సంగతి గాదు రా," అంది ఆమె. "నన్నడిగితే నేనే తవ్వుకుందును గద. ఏర్లతోని తీసి పెట్టుకుందును."

అతను నడుము పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. చివరికి, "నువ్వొద్దంటవేమోనని అడగలే," అన్నాడు.

"ఒద్దందును. ఒక దినం ఒద్దందును. మర్నాడు నేనే ఇద్దును."

నేను చాయ్ పెట్టడానికి లేచాను. వాళ్లిద్దరినీ చూస్తుంటే ఎవరి పక్షం మాట్లాడాలో నాకు తెలియలేదు. అతని నడుము, ఆమె మోకాళ్లు ఆ మిల్లులో అరిగినవే. చాయ్ తాగి అతను ఒక్కడే వెళ్లిపోయాడు. వంచిన కొమ్మకు వేరు పుట్టందే కదలనని ఆమె తేల్చి చెప్పింది.

పది రోజులకు మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో పైభాగం కోసేసిన పెద్ద నూనె డబ్బా ఉంది. అడుగున మేకుతో రంధ్రాలు కొట్టి, పెంకులు పరిచి, ఎర్రమట్టి, బూడిద కలిపి నింపి తెచ్చాడు. అంత బరువు బస్సులో ఎలా తెచ్చాడో, ఆ నడుముతో బస్టాండు నుంచి ఎలా మోశాడో. తల్లి ముందు పెట్టి నిలబడ్డాడు. ఆమె డబ్బాను పక్కకు వంచి అడుగు చూసింది.

"బొక్కలు పెద్దగ గొట్టినవ్. మట్టంత పోతది," అంది.

కానీ లేచింది. పెంకు తీసి మట్టి కదిపి చూస్తే కొమ్మకు తెల్లటి వేళ్లు నాలుగైదు వచ్చాయి. కత్తెరతో తల్లిమొక్క నుంచి కోసి డబ్బాలో నాటింది. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ బస్సెక్కారు. డబ్బా కొడుకు పట్టుకున్నాడు.

తర్వాత నేను ఆమెను రెండుసార్లే చూశాను. ప్రతిసారీ పోవాలనుకునేదాన్ని. పరీక్షలు, జనాభా లెక్కలు, ఎలక్షన్ డ్యూటీలు, పాప బడి, మా అత్తగారి కళ్ల ఆపరేషన్ ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. తొంభైల్లో మాకు సూర్యాపేటకు మార్పు వచ్చింది. అక్కడే చిన్న ఇల్లు కట్టుకున్నాం. కోదాడ నుంచి మరువం పాయ తీసుకుపోయి నాటాను. మా బోరు నీళ్లు చవుడు. బిందెకు లోపల తెల్లటి పొర కట్టేవి. ఆ నీళ్లకు ఆకుల కొసలు మాడి, ఏడాదిన్నరకు మొక్క కుంగిపోయింది. అప్పుడు గుర్తొచ్చి, ఒక సెలవు రోజున మిర్యాలగూడ బస్సెక్కాను.

గిర్ని చప్పుడు వీధి మలుపు నుంచే వినిపించింది. కోడలు పిండి కొట్టుకున్న చేతులతో వచ్చి, నన్ను గుర్తుపట్టి, లోపలికి తీసుకుపోయి మంచం మీద కూర్చోబెట్టింది. తర్వాత చెప్పింది.

"అత్తమ్మ పోయి ఎనిమిది నెలలైతంది అక్కా. కోదాడకు కార్డు రాసినం. మీరు రాకుంటిరి."

కోదాడలో మేం లేమని వాళ్లకు తెలియదు. తెలియజేయాల్సింది నేనే. సూర్యాపేటకు మారాక ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఆ మాట ఆమెకు చెప్పాను. "ఎవరికి తీరిక ఉంటదక్కా," అంది ఆమె.

వెనక్కి తీసుకుపోయి చూపించింది. గోడ నీడన డబ్బాలు ఏడో ఎనిమిదో వరసగా ఉన్నాయి. అన్నిటిలోనూ మరువమే. గుబురుగా, జానెడు ఎత్తున, ఒక్క పువ్వు లేకుండా ఉంది. పిండి దుమ్ము పడుతుందని పైన పాత చీర కట్టింది. మొదటి డబ్బాలోది చాలా ముసలిదై పోయిందట. ఇవన్నీ దాని పిల్లలట.

"తిట్టి తిట్టి నేర్పింది. కత్తెర పట్టుడు రాదని తిట్టేది, నీళ్లు ఎక్కువైనయని తిట్టేది. మంచానబడ్డంక గుడ కిటికీల నుంచి సూసుకుంట తిట్టింది," అని కోడలు నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు పూలమ్మే ఆమె వారానికోసారి వచ్చి కొంచపోతది. మాకు గుడ వాసన ఉంటది ఇంట్ల."

ఆమె చాయ్ తేవడానికి పోయింది. నేను ఏడుద్దామనుకున్నాను. ఏడుపు రాలేదు. పొద్దున అయిదింటికి లేచి వంట చేసి బయలుదేరాను, రెండు బస్సులు మారాను. ఆ మంచం మీదే గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంటే నిద్ర పట్టేసింది. చాయ్ చల్లారిపోయింది. కోడలు లేపలేదు. లేచాక మళ్లీ వేడి చేసి ఇచ్చి, ఒక డబ్బా నా సంచిలో పెట్టింది.

ఆ మొక్కను బోరు నీళ్లకు దూరంగా ఉంచాను. వానకాలం వాన నీళ్లు పట్టిపెట్టి పోశాను. మిగతా కాలం మంచినీళ్ల నల్లా వచ్చిన రోజున ఒక చెంబు దానికి పక్కన పెట్టేదాన్ని. అలా మూడేళ్లు బతికింది. రెండువేల సంవత్సరం దాటాక ఒక ఎండాకాలం నల్లా వారానికోసారైంది. బోరు ఎండిపోయింది. ట్యాంకరు వస్తే వీధంతా బిందెలతో పరుగెత్తేవాళ్లం. మా ఆయనకు అప్పటికే మోకాలి నొప్పులు. పాప ఇంటర్ పరీక్షలకు చదువుకుంటోంది. బిందెలు మోసేది నేనే. బియ్యం కడిగిన నీళ్లు కొన్నాళ్లు పోశాను. తర్వాత ఆ నీళ్లతోనే గిన్నెలు తొలిచాం.

ఒక రోజు పాప వచ్చి, "అమ్మా, మరువం వాడిపోయింది, ఒక గ్లాసు పొయ్యనా?" అంది. గ్లాసు దాని చేతిలోనే ఉంది. తాగే నీళ్లు.

"వద్దులే. నువ్వు తాగు," అన్నాను.

అది నావైపు కాసేపు చూసి, తాగేసి లోపలికి పోయింది.

వానలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చిన రోజున డబ్బాలోని పుల్లలను గోటితో ఒక్కొక్కటే గీరి చూశాను. అన్నీ ఎండినవే. మిర్యాలగూడ పోతే ఇంకో డబ్బా ఇస్తారని తెలుసు. ఆ ఏడు పోలేదు, మరుసటి ఏడూ పోలేదు. ఎవరైనా అడిగితే తీరిక లేదనేదాన్ని. తీరిక ఉంది. ఇంకో ప్రాణాన్ని ఎండాకాలం దాటించే ఓపికే లేదు. అది నేరమేమీ కాదని నాకు నేనే చెప్పుకున్నాను. కొన్ని రోజులు నమ్మాను కూడా.